దుమ్ము కింద కలిపినది

ఇరవై రెండేళ్లుగా నేను తరుగు రాస్తున్నాను.
నెమ్ముకి ఇంత, తాలుకి ఇంత,
మచ్చు కింద దోసెడు,
దుమ్ము కింద టిక్కీకి అరకిలో.
రైతు ఎదురుగా నిలబడి
నా పెన్ను ఎటు కదిలితే అటు చూస్తాడు.
నేను తల ఎత్తను.
ఎత్తితే అంకె తప్పుతుందని చెబుతాను గానీ
అది కాదు కారణం.

గుంటూరు యార్డులో ఫాల్గుణమంటే
గాలిక్కూడా ఘాటే.
తేజ రకం దిగిన రోజు
కొత్తగా డ్యూటీలో పడ్డ కానిస్టేబులు సైతం ఏడుస్తాడు.

ఆ రాత్రి పట్టీలు తేలలేదు.
హమాలీ సైదులు కూతురు షంషాద్
నాన్నకి క్యారేజీ తెచ్చి
మా కొట్లో ఫ్యాను కింద కూర్చుంది.
యూనివర్సిటీలో ఏదో పరిశోధన.
ఒళ్లో లాప్‌టాప్, అందులో
నా చిట్టా లాంటిదే ఇంకో చిట్టా.
రైతుల పేర్లుండాల్సిన చోట మాత్రం
పొడుగాటి నంబర్లు.

"ఎవరివమ్మా ఈ లెక్కలు?"
"గెలాక్సీలవి, బాబాయ్."

నేను దొంగనోట్లు పట్టే దీపం కింద
ఐదువందలవి ఒక్కొక్కటే తిప్పుతున్నాను.
ఆ ఊదా వెలుగులో
నోటు పోగులు మెరుస్తాయి, నా చొక్కా మెరుస్తుంది
(సబ్బుపొడి మహిమట),
గోళ్ల సందుల్లో కారం మాత్రం
నల్లగా ఉండిపోతుంది.
"నా పనీ ఆ వెలుగుతోనే," అంది షంషాద్.
"దీనికంటే పదునైనది. అతినీలలోహితం."

కొత్తగా పుట్టిన పెద్ద నక్షత్రాలు
మహా వేడివి, తొందరగా తగలబడిపోయేవి,
దాచుకోవడం తెలీనట్టు ఆ వెలుగే కుమ్మరిస్తాయట.
అది కనబడిన చోట
పురిటిగది ఇంకా చల్లారలేదని గుర్తు.
బయల్దేరి పన్నెండు వందల కోట్ల ఏళ్లు.
దారిలో ఆకాశమే సాగిపోయి, దాంతోపాటు వెలుగూ సాగి
మన దాకా వచ్చేసరికి ఎర్రబడుతుందట.

ఎర్రబడటం నాకు తెలుసు.
కొమ్మన పచ్చగా చూసిన కాయ
యార్డుకి ఎర్రగానే వస్తుంది.
మధ్యలో ఎండలెన్నో
ఏ పట్టీలోనూ ఉండదు.

"మరి ఈ గడి దేనికి?"
"దుమ్ముకి."

నా చెయ్యి ఆగింది.

నక్షత్రాల మధ్య దుమ్ముంటుందట.
ఊదా వెలుగునే ముందు మింగుతుందట.
మింగి ఊరుకోదు, తాను వెచ్చబడి
కంటికి ఆనని సెగగా బయటికి వదులుతుంది.
అందుకని మసకగా కనబడ్డదాన్ని
మసకది అని రాసెయ్యకూడదు.
వెలుగు ఎటు వాలిందో చూసి
దుమ్ము ఎంత తిన్నదో కట్టి
అంతా తిరిగి కలపాలి.
"దీనికి ఐదింతలు కలిపాను బాబాయ్.
చూస్తే ఏమీ లేదనిపిస్తుందా,
లోపల ఏడాదికి వంద సూర్యుళ్లు పుడుతున్నాయి."

కలపడమా?
దుమ్ము పేరు చెప్పి
ఇన్నేళ్లలో నేను కలిపింది లేదు.

బయట సైదులు దగ్గు.
లారీ దిగేటప్పుడు ఎప్పుడూ దగ్గుతాడు.
ముప్పై ఏళ్ల తేజ, బ్యాడిగి, మూడు వందల ముప్పై నాలుగు
ఆ ఛాతీలోనే నిలవ;
ఏటుకూరు రోడ్డు ఏసీల్లో కూడా అంత పాత సరుకు దొరకదు.
పొద్దు వాలితే ఒళ్లు కాలుతుంది.
డాక్టరు మందు మార్చాడు, సెగ మారలేదు.
లోపలికొచ్చి తెర మీద చుక్కల్ని చూసి
"వాటిని కూడా మూతికి గుడ్డ కట్టుకోమను" అని నవ్వాడు.
నవ్వు సగంలోనే మళ్లీ దగ్గు.
కూతురు తెర మీంచి తల ఎత్తలేదు.

తల ఎత్తకపోవడం ఏమిటో
నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇద్దరూ వెళ్లాక ఒక్క పట్టీ మిగిలింది.
పెదకూరపాడు రైతు, నలభై మూడు టిక్కీలు.
నెమ్ము రాశాను. తాలు రాశాను.
దుమ్ము గడిలో పెన్ను ఆనించి ఉంచాను,
సిరా చిన్న చుక్కగా ఊరేదాకా.
పొద్దున్నే షావుకారు చూస్తాడు.

నోట్ల దీపం ఆర్పడం మర్చిపోయాను.
ఎవరూ తిప్పని బల్ల మీద
ఊదాగా పడుతోంది:
ఒక ఎండు తొడిమ, రెండు గింజలు,
మెరుస్తున్న నా చొక్కా చెయ్యి.